ఒకే రాత, వేర్వేరు తీగలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తూర్పు ఆసియా భాషలు పంచుకున్న రాతమాటల గురించి, ఆ మాటలు మోసుకొచ్చిన తీగవాద్యాల గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. చైనా అక్షరాలను ఇక్కడ అచ్చువేయకుండా వాటి ఉచ్చారణనూ అర్థాన్నీ మాత్రమే తెలుగులో ఇస్తున్నాము.

ప్రశ్న: నేను జపాన్ భాష నేర్చుకుంటున్నాను. మా పాఠ్యపుస్తకంలో ‘కొతో’ అనే వాద్యం పేరును ఒక చైనా అక్షరంతో రాశారు. అదే అక్షరాన్ని చైనా భాష తెలిసిన స్నేహితురాలికి చూపిస్తే, అది ‘ఛిన్’ అనే ఏడు తీగల వాద్యం పేరనీ, బొమ్మలో ఉన్నది ఛిన్ కానే కాదనీ అంటోంది. ఎవరిది పొరపాటు?

జవాబు: మీ పుస్తకమూ సరే, మీ స్నేహితురాలూ సరే. తికమకంతా ఆ అక్షరం ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్ళిన దారిలో ఉంది.

ముందు వాద్యాల సంగతి చూద్దాం. చైనా ఛిన్ ఒక పొడవాటి, సన్నని చెక్క వాద్యం. ఏడు తీగలు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నేరుగా సాగుతాయి తప్ప, వాటి కింద ఎక్కడా గుర్రాలు ఉండవు. (తీగను పలక మీద ఎత్తి నిలబెట్టే చిన్న చెక్కముక్కను మన వైణికులు గుర్రం అంటారు, ఈ జవాబులో ఆ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది.) పలక అంచున పొదిగిన 13 చుక్కలను గుర్తుగా పెట్టుకుని, ఎడమచేతి వేలితో తీగను పలకకు అదిమి, జార్చి స్వరాన్ని పలికిస్తారు. ‘జెంగ్’ అనే మరొక వాద్యం పైకి ఛిన్‌లాగే పొడవుగా కనిపించినా, దానిలో ఒక్కొక్క తీగకూ ఒక్కొక్క గుర్రం ఉంటుంది, ఆ గుర్రాన్ని అటూ ఇటూ జరిపి శ్రుతి చేస్తారు. నేటి చైనా జెంగ్‌కు సాధారణంగా 21 తీగలు, జపాన్ కొతోకు 13, వియత్నాంలో ‘దాన్ త్రాన్’ అనే దానికి సంప్రదాయంగా 16. గుర్రాలను చూసి చెప్పాలంటే కొతో నిస్సందేహంగా జెంగ్ కుటుంబానికి చెందినదే.

మరి దానికి ఛిన్ అక్షరం ఎలా అంటుకుంది? ‘కొతో’ అన్నది చైనా నుంచి వచ్చిన మాట కాదు, అది జపానీయుల సొంత మాట, మొదట్లో అది తీగవాద్యాలన్నిటికీ చెల్లేది. ఛిన్‌ను ‘కిన్ నో కొతో’ అనీ, జెంగ్‌ను ‘సో నో కొతో’ అనీ, మెడ ఉన్న మరో తీగవాద్యమైన బివాను కూడా ‘బివా నో కొతో’ అనీ పిలిచేవారు. 11వ శతాబ్ది ఆరంభంలో వెలువడిన ‘గెంజి కథ’ అనే జపాన్ నవలలో నాయకుడు నేర్పుగా వాయించేది అసలైన ఏడు తీగల ఛిన్. ఆ తర్వాత జపాన్‌లో ఛిన్ వాదన సన్నగిల్లింది, జెంగ్ నిలిచింది, ఉమ్మడి పేరైన ‘కొతో’ దాని సొంతమైపోయింది. ఇక 1946లో జపాన్ ప్రభుత్వం వాడుకకు 1,850 అక్షరాల పట్టికను ప్రకటించినప్పుడు అందులో ఛిన్ అక్షరానికి చోటు దొరికింది, జెంగ్ అక్షరానికి దొరకలేదు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఆ పట్టికను అనుసరించాయి కనుక కొతోను ఛిన్ అక్షరంతోనే రాయడం స్థిరపడింది. ఆ విద్యను వృత్తిగా చేపట్టినవారిలో చాలామంది మాత్రం ఇప్పటికీ జెంగ్ అక్షరమే రాస్తారు. ఇందులో నాకు ముచ్చటగా తోచే సంగతి ఒకటుంది: కొతో గుర్రాన్ని జపాన్‌లో ‘కొతొజి’ అంటారు, దాన్ని రాసేది కూడా ఛిన్ అక్షరంతోనే, ఛిన్‌కు గుర్రమే లేకపోయినా.

కొరియా సంగతి ఇంకా చిత్రమైనది. అక్కడి 12 తీగల గయాగుమ్‌కు గుర్రాలున్నాయి కనుక అది జెంగ్ జాతిదే, కానీ పేరులోని ‘గుమ్’ ఛిన్ అక్షరానికి కొరియా ఉచ్చారణ. పేరులో ‘జేంగ్’ పెట్టుకున్న అజేంగ్‌నేమో మీటరు, ఒక పూలపొద కొమ్మను కమానులా చేసి తీగల మీద రాపాడిస్తారు. గయాగుమ్‌ను గయా దేశపు రాజు గాసిల్ చేయించాడనీ, ఊరుక్ అనే సంగీతకారుడు దానికి బాణీలు కట్టాడనీ, స్వదేశం అల్లకల్లోలమవుతుంటే అతడు ఆ వాద్యంతో సిల్లా రాజ్యానికి చేరాడనీ 1145 నాటి కొరియా చరిత్రగ్రంథం చెబుతుంది. జపాన్‌లో నారా నగరపు షోసోయిన్ భాండాగారంలో ఇలాంటి పాత వాద్యాలు భద్రంగా ఉన్నాయి. అక్కడ వాటి పేరు ‘సిల్లా కొతో’. పుట్టిన రాజ్యం పేరు పోయి, దాన్ని కలిపేసుకున్న రాజ్యం పేరు నిలిచిందన్నమాట.

గుర్రం మాట వచ్చింది కనుక మరొక్కటి. గయాగుమ్ గుర్రాన్ని కొరియాలో ‘అడవిబాతు పాదం’ అని అర్థమిచ్చే రెండక్షరాలతో రాస్తారు. అవే రెండక్షరాలు చైనా ఛిన్ విషయంలో, వాద్యం అడుగున తీగల కొసలను చుట్టి కట్టే రెండు కాళ్ళకు పేరు. మన గుర్రం వాళ్ళకు బాతుపాదం కావడం సరే, ఆ బాతుపాదమైనా ఇద్దరికీ ఒకటి కాలేదు.

ప్రశ్న: ఒకే రాతను చైనా, జపాన్, కొరియా, వియత్నాం ప్రజలు వేర్వేరుగా పలకడం ఎలా సాధ్యం? ఆ ఉచ్చారణల మధ్య పొంతన ఏమైనా ఉందా?

జవాబు: పొంతన బాగానే ఉంది. ఈ మాటలను ఆయా భాషలు చైనా పాత ఉచ్చారణ నుంచి వేర్వేరు కాలాల్లో తీసుకుని తమ నాలుకకు అనువుగా మలచుకున్నాయి. ‘సంగీతం’ అనే రెండక్షరాల మాటనే చూడండి. ఉత్తర చైనా ప్రామాణిక భాషలో అది ‘యిన్‌యుయె’, దక్షిణ చైనా భాష అయిన కాంటొనీస్‌లో ‘యమ్‌ంగొక్’, జపాన్‌లో ‘ఒంగకు’, కొరియాలో ‘ఉమక్’, వియత్నాంలో ‘అమ్ న్యాక్’. మొదటి అక్షరం చివరి మకారం, రెండో అక్షరం చివరి కకారం పాత ఉచ్చారణలో ఉన్నవే. కాంటొనీస్, కొరియన్, వియత్నమీస్ భాషలు రెంటినీ నిలుపుకున్నాయి. జపాన్ భాష మకారాన్ని నకారం చేసుకుని, కకారానికి ఒక ఉకారం తగిలించింది. ప్రామాణిక చైనా భాష మకారాన్ని నకారంగా మార్చి, కకారాన్ని పూర్తిగా వదిలేసింది. ఛిన్ అక్షరమూ అంతే: కాంటొనీస్‌లో ‘ఖమ్’, జపాన్‌లో ‘కిన్’, కొరియాలో ‘గుమ్’, వియత్నాంలో ‘కమ్’. మాట పుట్టిన దేశపు ప్రామాణిక భాషే పాత పలుకుబడికి అందరికన్నా దూరం జరిగింది.

వీటిని మన తత్సమాలతో పోల్చుకుంటే సులువుగా బోధపడుతుంది. ‘ఉపన్యాసం’ మనకు ప్రసంగం, హిందీవారికి నవల. మాట ఒకటే అయినంతమాత్రాన అర్థం ఒకటే కావాలని లేదు. తేడా ఏమిటంటే కొరియాలో ఇప్పుడు అన్నీ 1446లో ప్రకటించిన సొంత లిపిలోనూ, వియత్నాంలో రోమన్ లిపిలోనూ రాస్తారు కనుక ఉమ్మడి అక్షరం అక్కడ కంటికి కనబడదు, పలుకులో మాత్రం ఉంటుంది. వియత్నాం విద్యార్థి ‘కమ్’ అని చదువుతాడు కానీ దాని వెనుక ఉన్న అక్షరాన్ని గుర్తుపట్టాలంటే విడిగా చదువుకోవలసిందే.

ప్రశ్న: వియత్నాంలో పియానోకు ఉన్న పేరూ, కొరియాలో ఒక పాత వాద్యానికి ఉన్న పేరూ ఒకటేనని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. ఈ ఉమ్మడి మాటల్లో దీనికి మించిన సరదా ఉదాహరణ నాకు తెలియదు. ఆ మాటకు అర్థం ‘సముద్రం అవతలి ఛిన్’, అంటే విదేశీ తీగవాద్యం అని. పడమటి నుంచి చైనాకు వచ్చిన ఒక వాద్యానికి, చదునైన పెట్టె మీద లోహపు తీగలు పరచి చిన్న పుల్లలతో కొట్టే దానికి, మొదట ఈ పేరు పెట్టారు. అది మన సంతూర్‌కు దగ్గరి చుట్టం. చైనా పలుకులో ‘యాంగ్‌ఛిన్’. తర్వాత తర్వాత చైనావారు ‘విదేశీ’ అనే అక్షరాన్ని తీసేసి, అదే ఉచ్చారణ ఉన్న మరొక అక్షరాన్ని, ‘పైకెత్తు’ అనే అర్థమున్న దాన్ని పెట్టారు. పలుకు మారకుండానే ఆ వాద్యం స్వదేశీ అయిపోయింది.

18వ శతాబ్దిలో కొరియాకు చేరిన ఈ వాద్యాన్ని హోంగ్ దేయోంగ్ అనే పండితుడు కొరియా బాణీలకు అనువుగా పలికించాడు. అక్కడ పేరు ‘యాంగ్గుమ్’, రాతలో నేటికీ ‘విదేశీ’ అక్షరమే. ఒకే ఒక్క సన్నని వెదురుపుల్లతో దాన్ని వాయిస్తారు. ఇవే అక్షరాలు జపాన్‌లో ‘యోకిన్’ అయి, 19వ శతాబ్దిలో పియానోకు పేరుగా కొంతకాలం నడిచి, ‘పియానో’ అన్న మాటే స్థిరపడ్డాక మూలపడ్డాయి. వియత్నాంలో మాత్రం ‘జువొంగ్ కమ్’ అంటే ఈనాటికీ పియానోయే. అక్కడ తీగల్ని పుల్లలతో కొట్టే ఆ పాత వాద్యాన్ని ‘ముప్పయ్యారు’ అనే సంఖ్యతో పిలుస్తారు. ఇక చైనావారు పియానోను ‘ఉక్కు ఛిన్’ అన్నారు, వయొలిన్‌ను ‘చేత పట్టుకునే చిన్న ఛిన్’ అన్నారు, నోటితో ఊదే హార్మోనికాకు సైతం ‘నోటి ఛిన్’ అని పేరు పెట్టారు. హార్మోనికాలో తీగలే లేవు. అక్కడికి ఆ అక్షరం తీగను కూడా వదిలేసి ‘వాద్యం’ అనే సాధారణార్థానికి చేరింది.

ప్రశ్న: జపాన్‌లో సరస్వతి చేతిలో వీణకు బదులు మరేదో వాద్యం ఉంటుందట. దాని పేరూ చైనా ‘పీపా’ పేరూ ఒకటేనా? దానికీ భారతదేశానికీ సంబంధం ఉందా?

జవాబు: పేరు ఒకటే. చైనాలో పీపా, జపాన్‌లో బివా, కొరియాలో బిపా, వియత్నాంలో తీ బా. క్రీ.శ. 200 ప్రాంతంలో మాటల పుట్టుపూర్వోత్తరాలను వివరిస్తూ చైనాలో వెలువడిన ఒక గ్రంథం ఈ పేరును విడదీసి చెప్పింది: చేతిని ముందుకు తోస్తూ మీటితే ‘పీ’, వెనక్కు లాగుతూ మీటితే ‘పా’. అది ఉత్తర, పడమటి దిక్కుల విదేశీయులదనీ, గుర్రం మీద కూర్చుని వాయించేవారనీ కూడా ఆ గ్రంథమే రాసింది. అంటే ఆ వాద్యం పరదేశిదని చైనావారికి మొదటి నుంచీ తెలుసు. అయినా దాని పేరు రాయడానికి ఛిన్ అక్షరం తలమీద ఉన్న గుర్తునే తెచ్చి, దాని కింద ‘పీ’, ‘పా’ అనే ధ్వనులను సూచించే భాగాలను అమర్చి, రెండు కొత్త అక్షరాలు కల్పించారు. పరదేశి వాద్యానికి స్వదేశీ కుటుంబపు తలపాగా చుట్టినట్టయింది.

పేరు నిలిచినా వాద్యం నిలకడగా లేదు. తొలినాళ్ళలో మీటి వాయించే, మెడ ఉన్న వాద్యాలనేకం పీపా పేరుతోనే చెలామణి అయ్యాయి. వాటిలో గుండ్రని బుర్ర, నిటారు మెడ ఉన్నది తర్వాత వేరుపడి, 3వ శతాబ్దికి చెందిన రువాన్ షియెన్ అనే రసికుడి పేరు తగిలించుకుంది. థాంగ్ రాజవంశ కాలంలో పీపాను అడ్డంగా పట్టుకుని మీటుపలకతో వాయించేవారు. చైనావారు క్రమంగా దాన్ని నిలువుగా నిలబెట్టి, వేళ్ళతో మీటడం మొదలుపెట్టి, మెట్ల సంఖ్యను బాగా పెంచారు. జపాన్ బివా పాత పద్ధతినే పట్టుకుని ఉంది: పెద్ద మీటుపలక, నాలుగైదు మెట్లు, అంతే. ఒకే పేరున్న ఈ రెండింటినీ పక్కపక్కన వింటే ఒకటి జలజలమని పారుతుంది, మరొకటి ఒక్కొక్క దెబ్బ వేసి మౌనాన్ని వినమంటుంది. కొరియావారు ఈ తికమకకు ముందుగానే విరుగుడు కనిపెట్టారు. వంపుమెడ, నాలుగు తీగలు ఉన్నదాన్ని ‘థాంగ్ బిపా’ అనీ, నిటారు మెడ, ఐదు తీగలు ఉన్నదాన్ని ‘దేశవాళీ బిపా’ అనీ స్పష్టంగా విడదీసి పిలిచారు.

భారతదేశపు సంబంధం ఈ ఐదు తీగల రకంతోనే. నాలుగు తీగల పీపా పర్షియా వైపు నుంచీ, ఐదు తీగలది భారతదేశం నుంచీ మధ్య ఆసియా మీదుగా వచ్చాయని సాధారణంగా చెబుతారు. జపాన్ చక్రవర్తి షోమూ మరణించాక, 756లో కోమ్యో మహారాణి ఆయన వస్తువులను తోదాయ్‌జి ఆలయపు బుద్ధుడికి సమర్పించింది. షోసోయిన్‌లో నేటికీ ఉన్న ఆ వస్తువుల్లో చందనజాతి ఎర్రకొయ్యతో చేసి ముత్యపుచిప్ప పొదిగిన ఐదు తీగల బివా ఒకటి. ఒంటె మీద కూర్చుని వాద్యం వాయిస్తున్న మనిషి బొమ్మ దాని మీద ఉంది. ఆ కాలపు ఐదు తీగల వాద్యం ప్రపంచంలో మరెక్కడా మిగలలేదు.

ఇక సరస్వతి. జపాన్‌లో ఆమె బెంజయ్‌తెన్, అంటే వాక్పటిమ గల దేవత. బౌద్ధ సూత్రాలను అనుసరించిన పాత విగ్రహాల్లో ఆమెకు ఎనిమిది చేతులు, చేతుల్లో ఆయుధాలు. తర్వాత ప్రచారంలోకి వచ్చిన రెండు చేతుల రూపంలో ఆమె ఒడిలో బివా ఉంటుంది. వీణను చూడని దేశంలో వీణ స్థానాన్ని తమ దగ్గరున్న వాద్యం తీసుకోవడంలో వింత లేదు. చైనాలోనూ ఇదే జరిగింది. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు, సాధన కూడా అలాగే ఉండాలని బుద్ధుడు ఒక శిష్యుడికి చెప్పిన వీణ ఉపమానం ప్రసిద్ధమే కదా. నలభై రెండు భాగాల సూత్రమనే చైనా గ్రంథంలో అది వచ్చేసరికి శిష్యుడు వాయించినది ఛిన్ అయింది. అది చదివిన చైనా భిక్షువు మనసులో మెదిలింది ఏడు తీగల పలకే.

ప్రశ్న: ఈ వాద్యాల మీద ఆ భాషలన్నిటికీ ఉమ్మడిగా సామెతలు, పలుకుబడులు ఉన్నాయా?

జవాబు: కావలసినన్ని ఉన్నాయి. అన్నిటిలోకి గొప్పది ‘నాదం తెలిసినవాడు’ అనే రెండక్షరాల మాట. ఒక పాత చైనా కథలో, బో యా అనే వాద్యకారుడు ఛిన్ వాయిస్తూ పర్వతాన్ని తలచుకుంటే పర్వతమనీ, ప్రవాహాన్ని తలచుకుంటే ప్రవాహమనీ అతడి స్నేహితుడు జోంగ్ జీఛీ వినగానే చెప్పేవాడట. జోంగ్ జీఛీ చనిపోయాక బో యా తీగలు తెంచేసి మళ్ళీ ఛిన్ ముట్టలేదు. అప్పటినుంచి ‘నాదం తెలిసినవాడు’ అంటే మనసెరిగిన స్నేహితుడు. చైనాలో ‘జీయిన్’, వియత్నాంలో ‘త్రి అమ్’ నేటికీ మనసుకు హత్తుకునే మాటలే. జపాన్, కొరియాల్లోనూ ఉంది కానీ అది గ్రాంథికపు మాట.

‘ఛిన్, సె’ అని రెండు వాద్యాల పేర్లను జంటగా చెబితే దాంపత్యం. భార్యాభర్తల అన్యోన్యతను ఈ జంటవాద్యాలతో పోల్చడం చైనా ప్రాచీన గీతసంకలనంలోనే ఉంది. 25 తీగల ‘సె’ను నేడు కొరియాలో కన్ఫ్యూషియస్ ఆలయపు పూజాసంగీతంలో చూడవచ్చు, అయినా కొరియా ఇళ్ళల్లో ‘ఆ దంపతుల గుమ్‌సిల్ (‘ఛిన్, సె’ జంటకు కొరియా పలుకు) బాగుంది’ అనేవారిలో ఎందరికి అందులో వాద్యం పేరుందని తోస్తుందో చెప్పలేను. భార్యను పోగొట్టుకున్నవాడు మళ్ళీ పెళ్ళాడితే ‘తీగ అతికించడం’ అంటారు. చైనాలోనూ వియత్నాంలోనూ అది వాడుకలో ఉన్న మాట. భర్త పోయిన స్త్రీ పునర్వివాహానికి ఆ మాట వర్తించదు, తీగ ఎప్పుడూ భార్యే. అందమైన పలుకుబడిలో దాగిన ఈ పక్షపాతాన్ని గమనించకుండా ఉండలేం.

‘గుర్రాలను జిగురుతో అంటించి సె వాయించడం’ అంటే సందర్భాన్ని బట్టి మారలేని మొండితనం. ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా ఛియెన్ గ్రంథంలో, పుస్తకజ్ఞానం తప్ప యుద్ధానుభవం లేని జావ్ క్వోను సేనాపతిని చేయవద్దని రాజుకు సలహా చెబుతూ లిన్ షియాంగ్రు అనే మంత్రి ఈ పోలిక తెస్తాడు. రాజు వినలేదు, క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ దగ్గర జావ్ క్వో నడిపిన సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. గుర్రాన్ని జరిపి శ్రుతి చేయడం చూసినవారికి ఈ పోలిక వెంటనే అందుతుంది. చెవికెక్కనివాడికి చెప్పడాన్ని చైనాలో ‘ఎద్దు ముందు ఛిన్ వాయించడం’ అంటారు. వియత్నాంలో ఎద్దు స్థానంలో దున్నపోతు వచ్చింది. కొరియా వాడుకలో ఎద్దు మిగిలి, ఛిన్ పోయి, దాని చెవిలో సూత్రం చదివారు. జపాన్‌లో గుర్రం చెవిలో బుద్ధనామం జపించారు. దున్నపోతు మీద వాన కురిపించిన మనకు ఇందులో దేనికీ నిఘంటువు అక్కరలేదు.

ప్రశ్న: రాతలో ఉమ్మడి పేరు ఉన్నా, నోటిమాటలో సొంత పేరే వాడే వాద్యం ఏదైనా ఉందా?

జవాబు: కొరియా ‘కొమున్గొ’ అలాంటిదే. చైనా నుంచి గొగుర్యొ రాజ్యానికి ఏడు తీగల ఛిన్ కానుకగా వచ్చిందనీ, వాయించడం ఎవరికీ తెలియక వాంగ్ సనక్ అనే మంత్రి దాన్ని మార్చి బాణీలు కట్టాడనీ, అవి వాయిస్తుంటే నల్లకొంగలు వచ్చి ఆడాయనీ ఇంతకుముందు చెప్పిన 1145 నాటి చరిత్రలోనే ఉంది. అందుకని రాతలో దాని పేరు ‘నల్లకొంగ ఛిన్’, తర్వాత కుదించి ‘నల్ల ఛిన్’, కొరియా ఉచ్చారణలో ‘హ్యొన్‌గుమ్’. వాయించేవారు మాత్రం కొమున్గొ అనే దేశీయపు మాటే పలుకుతారు. ఆ మాటలో ఉన్నది ‘నలుపు’ అని కొందరు, ‘గొగుర్యొ’ అని కొందరు వాదిస్తారు. ఆరు తీగలు, 16 మెట్లు, చేతిలో పెన్సిలంత వెదురుపుల్ల: ఛిన్‌తో పోలిక పొడవు దగ్గరే ఆగిపోతుంది. కానీ 1572లో అన్ సాంగ్ కూర్చిన స్వరగ్రంథం పేరు మొదట్లో ఛిన్ అక్షరం ఒక్కటే, ఏ విశేషణమూ లేకుండా, కనిపిస్తుంది. దాన్ని తెరిచే చైనా పాఠకుడు తన ఏడు తీగల ఛిన్ కోసం వెతుక్కుంటాడు, జపాన్ పాఠకుడు కొతో అనుకుంటాడు. అందులో ఉన్నవి కొమున్గొ బాణీలు.